గోడకెక్కిన చొక్కా చేతులు

ఆ కుట్టు కార్ఖానాలో ఆమెను అందరూ గుండీలక్క అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా గుండీలు కుట్టడమే పని మరి! కళ్ళు మాత్రం ఎప్పుడూ కటింగ్ బల్ల మీదే. కటింగ్ మాస్టారు నెలాఖరుకు పని మానేస్తున్నాడనీ, కత్తెర ఎవరికివ్వాలో పరీక్ష పెట్టి తేలుస్తాననీ యజమాని చెప్పిన రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఈ అవకాశం జారిపోతే ఇక బతుకంతా గుండీలే.

ఏడాదిగా ఆమె చేస్తున్న సాధన ఎవరికి తెలుసు? రోజూ పొద్దున్నే వంటింట్లో పాత పేపర్లు పరిచి ఒక్క చొక్కా కత్తిరించేది. ఒక్కటే, కానీ జ్వరమొచ్చినా మానేది కాదు. ఈ వయసులో ఇదేం పిచ్చని భర్త వేళాకోళం చేసేవాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఆమె కత్తెర ఆడిస్తూనే ఉండేది.

ఆరు నెలలకు ధైర్యం చేసి, భర్త చొక్కా కోసం కొన్న నీలం గుడ్డ మీద కత్తెర పెట్టింది. తీరా చూస్తే చొక్కా చేతులు రెండూ ఎడమవే! ఇన్నాళ్ళూ కత్తిరించిన కాగితం ఎటు తిప్పినా ఒకటే, గుడ్డ అలా కాదు. గుడ్డకు మంచి వైపు, వెనక వైపు ఉంటాయి. మడతపెట్టకుండా పరిచిన ఒంటిపొర గుడ్డ మీద రెండో చేతికి నమూనా అట్టను బోర్లా తిప్పి గీయాలి. అది మరిచింది.

"ఇది తొడిగితే నాకు రెండూ ఎడమ చేతులేగా, ఇక నాకు పనులు చెప్పకు" అని భర్త పడీపడీ నవ్వాడు.

ఆమెకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. కానీ ఆ ముక్కల్ని పారెయ్యలేదు, వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది. అప్పట్నుంచి కత్తెర పట్టిన ప్రతిసారీ వాటిని చూసి "తిప్పావా?" అని తనను తానే అడిగేది.

పరీక్ష రోజు మాస్టారు కావాలనే ఒంటిపొర గుడ్డ పరిచాడు. ముందు వచ్చిన ఇద్దరూ సరిగ్గా అక్కడే బోల్తాపడ్డారు. గుండీలక్క వంతు వచ్చింది. ఒక చేయి గీసింది, ఆగింది, "తిప్పావా?" అని పైకే అనేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అట్ట తిప్పింది, గీసింది, కత్తిరించింది. యజమాని రెండు చేతుల్నీ ఎదురెదురుగా పెట్టి చూశాడు. కుడీ ఎడమా అచ్చుగుద్దినట్టున్నాయి. కత్తెర ఆమెకే! గుండీల బల్ల దగ్గర ఒకటే చప్పట్లు.

ఆ "తిప్పావా" ఏమిటని మాస్టారు అడిగితే గోడ సంగతంతా చెప్పింది. ఆయన బల్ల సొరుగు అడుగు నుంచి రంగు వెలిసిన ఒక పొట్లం తీశాడు. లోపల రెండు చొక్కా చేతులు. రెండూ కుడివే.

"ముప్పై ఏళ్ళుగా ఎవరికంటా పడకుండా దాచానమ్మా. నీ గోడ మీద చోటుందా?"

మర్నాడు కటింగ్ బల్ల పైన, అందరికీ కనిపించేలా, ఆమె రెండు మేకులు కొట్టింది. ఒకదానికి ఇంటి గోడ నుంచి తెచ్చిన తనవి, ఒకదానికి మాస్టారివి.