ఉప్పునీళ్ల తొట్టికి నేను చెప్పిన ఫిల్టర్

ఎనిమిదేళ్లుగా ఒక సంగతి నన్ను లోపల నుంచి తింటోంది. నా భార్యకు చెప్పలేదు. నాయన బతికున్నప్పుడు ఆయనకూ చెప్పలేదు. వింటే సంతోషిస్తాడేమోనని భయం. అసహ్యించుకుంటాడేమోనని అంతకంటే ఎక్కువ భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనంతపురంలో నాకు చేపల తొట్ల దుకాణం ఉంది. ఇంట్లో అందానికి పెంచుకునే చేపలు. ఒక మధ్యాహ్నం ఓ భార్యాభర్తలు లోపలికి వచ్చారు. ఆయన్ను చూడగానే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నాకు ముందుగా మండింది అక్కడే.

రాప్తాడు దగ్గర మా పొలానికి ఆనుకునే ఆయన పొలం. మాకు మూడెకరాల చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. వానలు లేని ఏళ్లలో కూడా ఒక్క బోరు మీద నాయన దాన్ని బతికించుకొచ్చాడు. ఆ పక్క పొలమాయన గట్టుకు ఆనించి, మా బోరుకు ఇరవై అడుగుల దూరంలో, మాకంటే రెండింతల లోతుకు బోరు వేయించాడు. నెల తిరగకుండానే మా బోరులో గాలి తప్ప ఏమీ రాలేదు. నాయన అడగడానికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

"నీళ్లకు గట్టు ఉంటాదేమప్పా? చేతనైతే నువ్వూ ఇంకా లోతుకు ఏయించుకో," అన్నాడాయన, మంచం మీద నుంచి లేవకుండానే.

కాపు మీదున్న చెట్లు ఎండిపోతే నాయన వాటిని తన చేత్తోనే నరికాడు. తర్వాత టౌనుకొచ్చి చీనీకాయల మండీలో గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. ఆ పక్క పొలం కాయల లారీ వచ్చినప్పుడు గేటు తీసింది కూడా మా నాయనే.

అలాంటి మనిషి నా దుకాణంలో, నేను వేసిన కుర్చీలో కూర్చుని, "టౌన్లో కొత్తిల్లు కట్టినానప్పా. ఈమె సముద్రం చేపలు పెట్టుకోవల్లని అంటాండాది. దానికి ఏ ఫిల్టర్ పెట్టల్లో నాకేం తెల్దు. నువ్వే చెప్పు," అన్నాడు.

నువ్వే చెప్పు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే అప్పటిదాకా తెలియదు.

ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. చెన్నైలో రెండేళ్లు ఆ పనే నేర్చుకున్నాను. పెద్ద తొట్టి కింద ఇంకో తొట్టి ఉండాలి. నీళ్లలోని మురికిని నురుగుగా పైకి తేల్చి బయటికి తీసేసే మిషన్ అందులో పెట్టాలి. ఆర్వో నీళ్లలో మాత్రమే ఉప్పు కలపాలి. నెల రోజులు ఊరికే నడిపించి, ఆ తర్వాతే చేపల్ని వదలాలి. ఇవేవీ చెప్పలేదు. తొట్టి అంచుకు తగిలించే చిన్న స్పాంజి ఫిల్టర్ తీసి చూపించాను. మామూలు నీళ్ల చేపలకే అది చాలీచాలనిది.

"ఇది చాలన్నా. మీ ఇంటి బోరు నీళ్లల్లోనే ఉప్పు కలుపుకోండి. వారానికంతా చేపలు ఏసేయచ్చు," అన్నాను.

పొలంలో బోరు వేరు, టౌన్లో బోరు వేరు. అయినా బోరు నీళ్లు అన్న మాట ఆరోజు నా నోటికి తియ్యగా తగిలింది.

ఆయన భార్య మెల్లగా కల్పించుకుంది. "నేను ఫోన్లో చూసినా అన్నా. నురుగు తీసే మిషనేదో ఉండల్లంట కదా."

"అవన్నీ సముద్రం పక్కన ఉండేటోళ్లు పెట్టుకుంటారమ్మా. మనకొద్దు."

ఆయన నవ్వాడు. ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది.

తొట్టి నేనే అమర్చాను. ఐదు చేపలు, వాటిలో రెండు నారింజ రంగువి, తెల్ల పట్టీలవి. చేపల్ని వదిలిన మూడో రోజుకు ఒకటి చచ్చిపోయిందని ఫోన్ వచ్చింది. తర్వాత ఇంకొకటి. అయ్యో అంటూ ఫోన్ పెట్టేసేవాణ్ని. కసి తీరడమంటే ఏమిటో ఆ వారంలో తెలిసింది. ఆకలి మీద వేడన్నం తిన్నంత హాయిగా ఉండేది. ఇందులో అబద్ధం లేదు.

అన్నీ పోయాక ఇంటికి పిలిపించారు. తొట్టిలో నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి. "ఈమె మేత ఎక్కువేసిందా?" అని ఆయన నన్ను అడిగాడు. ఏమైనా చెప్పి ఉండవచ్చు. చేపలకు ఆ నీళ్లు పడలేదని చెప్పినా సరిపోయేది.

"అవునన్నా, మేత ఎక్కువైంది," అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగి, "నీ చేతిలో ఏది బతికింది గనక ఇవి బతకల్ల?" అన్నాడు.

ఆమెకు పుట్టిన ఇద్దరు బిడ్డలూ నెల నిండకుండానే పోయారు. మా ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు. నాకూ తెలుసు. "చిటికెడే ఏసినా," అందామె, ఎవరికో చెబుతున్నట్టు. నేను నా బకెట్టు తీసుకుని వచ్చేశాను.

పది రోజుల తర్వాత ఆమె ఒక్కతే దుకాణానికి వచ్చింది. "నిజం చెప్పన్నా. మేత వల్లేనా?" అని అడిగింది.

అక్కడ ఆయన లేడు. పగ తీర్చుకోవడానికి ఎవరూ లేరు. ఎండలో వచ్చి నిలబడిన ఒక ఆడమనిషి, నేను, అంతే.

"అవునమ్మా," అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది.

ఫిల్టర్ గురించి చెప్పిన అబద్ధానికి నా దగ్గర కారణం ఉంది, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మేత గురించి ఆమెకు చెప్పినదానికి ఏముంది? దుకాణం పేరు పోతుందన్న భయమా? పగ అన్నది నేను చెప్పుకునే పేరేనా, అసలు నేను మొదటినుంచీ ఇలాంటివాణ్నేనా? ఆయన మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. రేపు మళ్లీ వచ్చి ఫిల్టర్ అడిగితే మంచిది చెబుతానా అంటే, ఏమో, చెప్పలేను. కానీ ఆమె ఇంటి ముందున్న కుండీల మొక్కలకు కూడా ఇప్పుడు పనిమనిషితోనే నీళ్లు పోయిస్తుందట. తాను ముట్టుకోదట. ఈ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

ఆమె ఇది చదవకపోవచ్చు. ఎదురుపడి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. క్షమించమని అడగడం లేదు. రాస్తుంటే మాత్రం కొంచెం తేలికగా ఉంది, అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.

మేత ఎక్కువ కాలేదమ్మా. నువ్వు వేసింది చిటికెడే. ఫోన్లో నువ్వు చూసిందే నిజం. ఆ చేపల్ని చంపింది నేను.