అంగుళం మాస్టారి ఇంటికప్పు

ఆ వీధిలో ఆయన్ని అందరూ అంగుళం మాస్టారనే పిలుస్తారు. కొలతలో పావంగుళం తేడా వస్తే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాడు. ఇంటి ముందుగదే దుకాణం. చీటీ మీద రాసిన తేదీ తప్పడమన్నది ఆయన చరిత్రలో లేదు. ఒకసారి ఒళ్లు పేలిపోయే జ్వరంలో కూడా ఎవరిదో కోటుకు ఆఖరి బొత్తాం కుట్టి, మడతపెట్టి చేతికిచ్చి, అప్పుడు తీరిగ్గా కళ్లు తిరిగి పడిపోయాడు.

ఇదంతా కస్టమర్ల సంగతి. ఇంట్లోవాళ్ల సంగతి వేరు. వాళ్ల బట్టల కోసం తలుపు వెనక ఒక గోనెసంచి వేలాడుతూ ఉంటుంది. అందులో పడ్డ గుడ్డ మళ్లీ వెలుగు చూసిన దాఖలా లేదు. పెళ్లైన రెండో ఏడు భార్య ఇచ్చిన జాకెట్టు గుడ్డ ఇంకా దాని అడుగునే ఉంది. ఇప్పుడా కొలతలతో కుడితే ఆవిడ మోచెయ్యి కూడా దూరదు. అడిగితే, "మనదే కదా, ఎక్కడికి పోతుంది? రేపు చూద్దాంలే" అంటాడు. బయటివాళ్లు ఆగరు, మనవాళ్లు ఆగుతారు. అదీ ఆయన ధైర్యం.

ఇంటికప్పు కూడా ఆ సంచిలో పడినట్టే అయింది. పైన రేకులు తుప్పుపట్టి జల్లెడైపోయాయి. వానొస్తే ఇల్లు మొత్తంలో తడవని చోటు ఒక్కటే, ముందుగదిలో అలమారా ఉన్న మూల. అక్కడ కస్టమర్ల బట్టలుంటాయి. మాస్టారి తల్లి మంచం చుట్టూ గిన్నెలు పేర్చుకుని పడుకుంటుంది. భార్య గొడుగు కర్రను ఎడమ భుజానికి ఆనించుకుని, కుడిచేత్తో గరిటె తిప్పుతుంది. ఊళ్లోవాళ్ల ప్యాంట్లు మాత్రం హాయిగా, పొడిపొడిగా ఉంటాయి.

అలాగని మాస్టారు ఊరికే కూర్చున్నాడంటే పాపం తగులుతుంది. మూడేళ్లుగా ప్లాను వేస్తూనే ఉన్నాడు. మొదటి ఏడంతా నిచ్చెనెక్కి టేపుతో కొలతలు తీశాడు. భుజం ఇరవై రెండడుగులు, పొడవు ముప్పై, మెడ చుట్టుకొలత మూడు అని పుస్తకంలో రాసుకున్నాడు. మెడంటే పొగగొట్టం. రెండో ఏడు పాత పేపర్లు అతికించి కప్పంతటి నమూనా కత్తిరించి వీధిలో పరిచాడు. అది గాలికి లేచి ఎదురింటి మీద పడి, కొలిచి కుట్టినట్టు అతికింది. ఎదురింటాయన మురిసిపోయాడు. మాస్టారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఒకరి కొలతలకు కత్తిరించింది ఇంకొకరికి సరిపోయిందంటే కటింగులో తప్పున్నట్టే కదా! నమూనా చింపేసి మళ్లీ మొదటికొచ్చాడు.

మూడో ఏడు రేకుల మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ ఇల్లంతా ఒకసారి కలియజూసి, "మాస్టారూ, మీ ఎడమ గోడ నాలుగంగుళాలు కుంగిందండీ" అన్నాడు గట్టిగా. మాస్టారు గబుక్కున అతని నోరు మూసి వీధి చివరిదాకా లాక్కెళ్లాడు.

"మెల్లగా అనవయ్యా! దాని ఎదురుగానే అనేస్తావా?"

"దేని ఎదురుగానండీ?"

"ఇంటి ఎదురుగానయ్యా! ముప్పై ఏళ్లలో ఒక్క మనిషితో కూడా నీ భుజం ఒకటి కిందకుందని మొహం మీద చెప్పలేదు నేను. లోపల కాస్త దూది పెట్టి సర్దేస్తాను. వాళ్లు అద్దంలో చూసుకుని సంబరపడతారు. నువ్వూ అలాగే సర్దెయ్."

"గోడకి దూదా?"

"మీ పనిలో దూదినేమంటారో నాకేం తెలుసు?"

"ఇటుకంటామండీ."

అంతటితో ఆగాడా మాస్టారు? కొత్త రేకులు ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాలన్నాడు. లేకపోతే మొదటి వానకే కుంచించుకుపోతాయట. మేస్త్రీకి తల ప్రాణం తోకకొచ్చింది. మళ్లీ వస్తానని చెప్పి అటే మాయమయ్యాడు. మాస్టారు కూడా పిలవలేదు. చేతినిండా కస్టమర్ల పనుంది మరి.

వానలింక నెలరోజుల్లోకి వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే భార్య పక్కన కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతూ, తలెత్తకుండా చెప్పింది.

"ఈసారి వానలకి నేనీ కప్పు కింద ఉండనండీ. మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను."

"రేపు మాట్లాడుకుందాంలే."

ఒకే మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదావిడ. ఆ రోజు నుంచి రోజుకో చీర మడతపెట్టి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడకున్నవి మొత్తం పన్నెండు చీరలు. మాస్టారు దుకాణం అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్కో చీర లోపలికి పోతుంటే మిగిలినవి లెక్కపెట్టుకునేవాడు. ఆవిడ లేని ఇల్లు ఆయన ఊహకే అందదు. నిజంగా భయపడ్డాడు. కానీ భయపడ్డంత మాత్రాన చెయ్యి ఆ సంచిలోకి వెళుతుందా? అలవాటు లేని పని. ఈ ఒక్క కోటూ అయ్యాక చూద్దామనుకున్నాడు. కోటయ్యాక ఇంకో కోటొచ్చింది.

పదో చీర పెట్టెలోకి వెళ్లాక, మిగిలిన రెండింట్లో మంచిది కట్టుకుని, ఆవిడ పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచింది. సందు చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి, దుకాణం మెట్లెక్కి బల్ల ముందు నిలబడింది.

"మాస్టారున్నారాండీ?"

చెవి మీద సుద్దముక్కతో మాస్టారు నోరు వెళ్లబెట్టాడు. "ఇదేం పిచ్చి? నేనే కదా..."

"ఆర్డరివ్వడానికొచ్చానండీ."

ఆర్డరనే మాట వినబడగానే ఆయన చెయ్యి దానంతటదే చీటీల పుస్తకం మీదికి పోయింది. "కూర్చోండమ్మా" అని స్టూలు కూడా జరిపేసి, తర్వాత నాలుక్కరుచుకున్నాడు. "ఏం కుట్టాలమ్మా?"

"ఇంటికప్పు."

"ఎప్పటికి కావాలి?"

"వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటికి."

రాశాడు. చింపి చేతికిచ్చాడు. ఆవిడ మెట్లు దిగాక గానీ ఆయనకు చెమటలు పట్టలేదు. చీటీ ఇచ్చాక ఇంకేముంది, ఆకాశం ఊడిపడ్డా తేదీ మారదు. లోపల్నుంచి తల్లి కేకేసింది.

"ఎవర్రా వచ్చింది?"

"కస్టమరమ్మా. కప్పు వేయించాలట."

"ఊళ్లోవాళ్లకి ఆగమేఘాల మీద చేసిపెడతావు. మన ఇంటికి మాత్రం నీకు తీరదు!"

మేస్త్రీని ఇంకో ఊళ్లో ఎక్కడో పట్టుకుని దాదాపు ఎత్తుకొచ్చినంత పని చేశాడు. కొత్త రేకుల్ని పెరట్లో నిలబెట్టి బిందెలతో తడిపారు, ఎండబెట్టారు. ఇస్త్రీ ఒక్కటే తక్కువ. ఎడమ గోడ మీద గుట్టుచప్పుడు కాకుండా ఇటుకలు పేర్చారు. చూరు దగ్గర రేకు రెండంగుళాలు లోపలికి మడిచి వదిలారు. ఇల్లు రేపెప్పుడైనా ఒళ్లు చేస్తే విప్పుకోవడానికట. మేస్త్రీ ఇక వాదించడం మానేశాడు.

భార్య రోజూ సాయంత్రం సందు చుట్టూ తిరిగొచ్చి, "ఎంతవరకొచ్చిందండీ?" అని అడిగేది. ఆయన స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, ఏ రేకు ఎక్కడ పడుతుందో విడమరిచి చెప్పేవాడు. ఆవిడ సందేహాలడిగేది. ఆయన ఓపిగ్గా వినేవాడు. తర్వాత ఆవిడ మళ్లీ చుట్టూ తిరిగి వెళ్లి వంట చేసేది. అన్నం దగ్గర ఆయన కప్పు మాటెత్తితే, "అది దుకాణం సంగతి. అక్కడే మాట్లాడుకుందాం" అనేది.

నాలుగో సాయంత్రం, బల్లకు అవతల నిలబడ్డ ఆవిణ్ణి దర్జీ కళ్లతో చూశాడు. ఎడమ భుజం వేలెడు కిందకుంది. గొడుగు మోసిన భుజం. ఇన్నేళ్లుగా పక్కనే కూర్చుని కాజాలు కుట్టే మనిషి భుజం ఆయన ఇప్పుడు చూస్తున్నాడు. కస్టమర్ కాబట్టి ఏమీ అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట మేస్త్రీతో పాటు తనే నిచ్చెనెక్కి మేకులందించాడు.

శుక్రవారం నాలుగున్నరకే ఆఖరి రేకు బిగిసింది. ఐదింటికి పది నిమిషాలుందనగా వాన మొదలైంది. ఐదు కొట్టేసరికి ఆవిడ చీటీ పట్టుకుని, చుట్టూ తిరిగొచ్చిన పుణ్యాన నిలువునా తడిసి దుకాణం మెట్లెక్కింది. ఇంట్లో ఉండుంటే చుక్క కూడా పడేది కాదు.

"చూసుకోండమ్మా. ఎక్కడైనా పట్టేసినా, లూజైనా చెప్పండి" అంటూ మాస్టారు లోపలికి దారిచ్చాడు. వంటింట్లో పొయ్యి పొడిగా ఉంది. తల్లి మంచం చుట్టూ గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. చప్పుడు లేక నిద్ర పట్టడంలేదని ముసలావిడ సణిగింది. భార్య గది గదీ తిరిగి, తలెత్తి ప్రతి అతుకూ చూసింది.

"బాగుంది."

"చీటీ ఇస్తే పుస్తకంలో కొట్టేస్తానమ్మా."

"ఇవ్వను."

మాస్టారికి కస్టమర్ల భాష అక్కడితో అయిపోయింది. "నిజంగానే వెళ్లిపోయేదానివా?" అని అడిగాడు.

"పెళ్లాన్నే అయ్యుంటే వెళ్లిపోయేదాన్నండీ. కస్టమర్ని కాబట్టి ఆగాను."

ఆయన తల దించుకున్నాడు. ఆ మాటకు సర్దడానికి ఆయన దగ్గర దూదీ లేదు, ఇటుకా లేదు. పైన కొత్త రేకుల మీద వాన దంచుతోంది. ఆవిడ చీటీని తడవకుండా గూట్లో పెట్టి, పెట్టె మూత తెరిచి, ఒళ్లు తుడుచుకుని కట్టుకోవడానికి పొడి చీర ఒకటి తీసుకుంది. మిగతావి అలాగే ఉంచి మళ్లీ మూత వేసింది.