చెల్లెలి పెళ్ళిఫోటోలో చీర

మొన్న ఆదివారం మా చెల్లెలి పెళ్ళయి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా సైనిక్‌పురిలోని వాళ్ళింటికి వెళ్ళి, ఆటో దిగి, గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి ఇల్లు తప్పానేమో అనుకున్నాను. బావగారి పక్కన ఎవరో తెల్లటి ఆవిడ ఉంది. ఒలిచిన కోడిగుడ్డులా నున్నటి మొహం, ఒక ముడత లేదు, మచ్చ లేదు, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు చెంప మీద మిగిలిన రెండు గుంటలూ లేవు. కింద పేరు చదివితే గాని ఆవిడ నా తోడబుట్టిందని తెలియలేదు. రోత పుట్టింది. ఇంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు.

మేనల్లుణ్ణి పిలిచి ఇదేమిట్రా అని నిలదీశాను. చిలకలగూడలో ఫ్లెక్సీలు వేసే అతను కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే అలా వచ్చేసిందట, అది అందరికీ నచ్చిందట. "మామయ్యా, ఇప్పుడందరూ గిట్లనే చేయిస్తున్నరు, నువ్వు జెర పరేషాన్ కాకు" అని నా భుజం తట్టి, కుర్చీలు దింపించడానికి వెళ్ళిపోయాడు.

నేను పరేషాన్ కాక మరెవరవుతారు? రీలుకు పన్నెండే ఫోటోలు వచ్చే కాలంలో ఆ విద్య నేర్చుకున్నవాణ్ణి. ఇడ్లీ ప్లేటుకు నలభై ఫోటోలు తీసే ఈనాటి వాళ్ళకు చెప్పినా అర్థం కాదు గాని, మన తరంవాళ్ళకు తెలుసు, ఒక్కో ఫోటోకీ ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాళ్ళం. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, రిటైరై వెళ్ళిపోతున్న ఒక గార్డు దగ్గర పాత కెమెరా కొనుక్కున్నాను. అప్పటినుంచీ నాకు పట్టిన పిచ్చి గరుకుతనం. సైకిలేసుకుని పొద్దున్నే కాప్రా చెరువు దగ్గరికి పోయి, ఎండ ఇంకా ఏటవాలుగా ఉండగానే బండరాళ్ళను తీసేవాణ్ణి. ఎండ నెత్తికెక్కితే రాయి రొట్టెలా చదునైపోతుంది, పక్కనుంచి పడితేనే దాని పొక్కులూ పగుళ్ళూ లేచి నిలబడతాయి. గోనెసంచులు, గేదె వీపు, చెద తిన్న తలుపులు, ఇవే నా దేవతలు. నాలాంటి పిచ్చివాళ్ళం అయిదారుగురం ఆదివారాలు ఒక టీకొట్టు మేడ మీద చేరి ఒకరి ఫోటోలు ఒకరం చీల్చి చెండాడుకునేవాళ్ళం.

అటువంటి రోజుల్లో చెల్లెలి పెళ్ళి కుదిరింది. నాన్న అప్పటికే ఒక స్టూడియో ఆయనకు చెప్పి ఉంచారు. ఆ మనిషంటే నాకు అసహ్యం. పెళ్ళికూతుళ్ళ మొహాలకు దట్టంగా పౌడరు పూయించేవాడు, ఎండలో ఇద్దరి చేత తెల్ల దుప్పటి పట్టించి ఆ వెలుగు కిందనుంచి మొహం మీదికి కొట్టించేవాడు, అదీ చాలక నెగటివు మీద పెన్సిలుతో గీకి మచ్చలు మాయం చేసేవాడు. ఇది కళా, సున్నం కొట్టడమా అని ఇంట్లో రభస చేసి అతన్ని మాన్పించి, ఫోటోలు నేనే తీస్తానన్నాను. నాన్న నా మాట నమ్మారు. చెల్లెలు అంతకంటే నమ్మింది.

చర్చిలో పెళ్ళి ఆరాధన ముగిసి గుడి మెట్ల మీదికి వచ్చేసరికి నడినెత్తిన ఎండ, వెనక కొత్తగా సున్నం వేసిన గోడ. చెల్లెలిది మా ఇంట్లో అందరికన్నా నల్లటి రంగు. కట్టుకున్నది తెల్ల పట్టుచీర, సన్నటి వెండి జరీ. ఆ చీర నేత చూడగానే నా మతి పోయింది. వెలుతురు కొలిచే మీటరు ఒకటి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు, తెల్లనిది చూపిస్తే వెలుతురు దండిగా ఉందనుకుని తక్కువ లోపలికి రానిమ్మంటుంది. నేను దాన్ని చీరకు ఆనించి కొలిచి, జరీ ఎక్కడ తెల్లబోయి కలిసిపోతుందో అని ఇంకాస్త తగ్గించి మరీ తీశాను. పన్నెండూ అలాగే తీశాను.

స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి కడిగి చూస్తే, నెగటివులో చెల్లెలి మొహం ఉండాల్సిన చోట గాజుపలకలా ఖాళీ. అట్టముక్కను తీగకు గుచ్చి ఆ చోటికి నీడ పట్టి ప్రింటు వేస్తే బూడిద పులిమినట్టు వచ్చింది. నెగటివులో లేనిది ఏం చేసినా కాగితం మీదికి రాదు. బావగారు ఎర్రగా ఉంటారు కాబట్టి ఆయన మొహం మాత్రం వచ్చింది. పిన్ని వరసైన ఒకావిడ ఆల్బం చూసి, అబ్బాయి చీరను పెళ్ళాడాడా అని నలుగురిలో నవ్వింది. చెల్లెలు కూడా నవ్వి, చీర బాగా వచ్చింది అంది.

చెప్పుకోవడానికి సిగ్గుపడే ముక్క ఇంకా ఉంది. ఆ ఫోటోనే మా టీకొట్టు మేడ మీది పోటీకి పెట్టాను. పోగులు లెక్కపెట్టవచ్చు అని అందరూ మెచ్చుకుని మొదటి బహుమతి ఇచ్చారు. ఆ కప్పు తెచ్చి ఇంట్లో అద్దాల బీరువాలో, అందరికీ కనబడేలా పెట్టాను. చెల్లెలు పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ దాని ముందే కూర్చుని కాఫీ తాగేది.

ఇవేవీ మొన్న ఫ్లెక్సీ ముందు నిలబడినప్పుడు నాకు గుర్తు రాలేదు. పాస్టరుగారు, సంఘస్తులు వచ్చేలోగా ఆ దరిద్రాన్ని విప్పి పారేద్దామని కుర్చీ వేసుకుని ఎక్కాను. ఒక తాడు విప్పేశాను కూడా. చెల్లెలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఉండనియ్యి అన్నయ్యా. నేనే అలా ఉంచమన్నాను. అది నా మొహం కాదని నాకు తెలీదా? నీ ఫోటోలో ఆయన పక్కన మనిషే లేదు. ఇందులో ఎవరో ఒకరు ఉన్నారు కదా."

కోపంగా అనలేదు. కుర్చీ కదులుతోంది, జాగ్రత్తగా దిగమని చెయ్యి అందించింది. విప్పిన తాడు నేనే మళ్ళీ కట్టాను. యాభై ఏళ్ళ తర్వాత అడిగే క్షమాపణకు విలువేముంటుందో తెలియదు గాని, అడిగాను. వడలు మాడిపోతున్నాయంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తెల్లమొహం నాకు ఇప్పటికీ రోతే. కాని ఆ స్టూడియో ఆయన తన దుప్పటితో, పౌడరుతో మా చెల్లెలి చేతికి ఒక మొహమైనా ఇచ్చి ఉండేవాడని తలచుకుంటే, అంతకంటే ఎక్కువ రోత నా మీద నాకే కలుగుతోంది. రీళ్ళు పోయాయి, మీటర్లు పోయాయి, మా మేడ మీది మిత్రుల్లో ముగ్గురు పోయారు. ఇప్పటి ఫోన్లను మనిషి వైపు తిప్పితే చాలు, మొహం ఎక్కడుందో వాటంతట అవే వెతికి, చుట్టూ చదరంగా గీత గీసి మరీ చూపిస్తాయి. తోడబుట్టినవాణ్ణి, ఎదురుగా నిలబడి పన్నెండుసార్లు చూశాను, నాకు కనబడలేదు.