వెచ్చని సీసా

నాంపల్లి స్టేషన్ ఎదురుసందులో, ఒక లాడ్జి పైఅంతస్తులో ఉండేది మా ల్యాబ్. అక్కడ పదకొండేళ్లు మూత్రపరీక్షలు చేశాను. ఆ మాట చెబితే అన్నాల దగ్గర చుట్టాలు ముఖం చిట్లించేవాళ్లు. నాకేమో ముఖాలకన్నా సీసాలే నయమనిపించేది. మనుషులు అబద్ధం చెప్పినా సీసా చెప్పదని నా గట్టి నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మత్తు పరీక్షలు ఎక్కువయ్యాయి. దగ్గుమందు సీసాలకు సీసాలు తాగి, దాని మీద నిద్రమాత్రలు మింగే కుర్రాళ్లు వచ్చేవాళ్లు. అందుకని ఒక్కొక్క నమూనాలో మూడు పరీక్షపట్టీలు ముంచి చూసేవాళ్లం. ఒకటి దగ్గుమందుకు, ఒకటి నిద్రమాత్రలకు, ఒకటి గంజాయికి. పట్టీ మీద పైగీత ఎలాగూ వస్తుంది. కిందిగీత కూడా వస్తే ఒంట్లో మందు లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఇది తెలియక గీత కనబడగానే ఏడుపు మొదలుపెట్టిన తల్లులున్నారు.

మోసాలకూ కొదవ లేదు. కొందరు కుళాయి నీళ్లు కలిపేవాళ్లు, ఇంకొందరు తమ్ముడిది తెచ్చేవాళ్లు. అందుకే సీసా అందుకోగానే అరచేతిలో పట్టుకుని చూసేదాన్ని. అప్పుడే పోసిందైతే వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉంటే వెనక్కి పంపేదాన్ని. వాళ్లు తాడిని తన్నేవాళ్లయితే నేను వాళ్ల తలదన్నేదాన్నని తెగ మురిసిపోయేదాన్ని.

అబిడ్స్‌లో జిరాక్స్ షాపులో పనిచేసే ఒకబ్బాయిని తల్లి నెలనెలా వెంటబెట్టుకొచ్చేది. మొదటి మూడు నెలలూ దగ్గుమందు, నిద్రమాత్రలు రెండూ దొరికాయి. నాలుగోసారి అబ్బాయి బాత్రూముకు వెళ్లగానే ఆమె నా బల్ల మీదికి వంగి మెల్లగా చెప్పింది. "గీసారి గిట్ల కాగితం ఖరాబొస్తే వీన్ని ఇంట్లకు రానియ్యనన్నడు బిడ్డా వాళ్ల నాయిన."

నేనేం చేయగలను? ఉన్నది రాస్తానన్నాను.

ఎప్పటిలాగే బాత్రూము దగ్గర కొడుకు చేతిలోంచి సీసా ఆమే తీసుకుని, నడవాలోంచి నడిచొచ్చి నాకిచ్చింది. వెచ్చగానే ఉంది. పట్టీలు ముంచాను. దగ్గుమందు పట్టీ మీద కిందిగీత వచ్చింది. గంజాయి పట్టీ మీదా వచ్చింది. నిద్రమాత్రల గీత మాత్రం ఎంతసేపు చూసినా రాలేదు.

"మాత్రలు మానలేదు కదూ?" అన్నాను అబ్బాయితో.

"ఏం ఏస్కోలే మేడం. నెల దాటింది. ఒట్టు."

ఆ ఒట్టు నేను వందమంది నోట విన్నాను. నాకు ఒళ్లు మండింది. "మీ అమ్మ ముఖం చూసైనా నిజం చెప్పు, సిగ్గులేదా!" అని గట్టిగానే అరిచాను. వరండాలో కూర్చున్నవాళ్లందరూ తిరిగి చూశారు. అబ్బాయి తల దించుకున్నాడు.

"వాన్ననకు బిడ్డా," అంది తల్లి. "గా సీసల ఉన్నది నాది."

చేతిసంచిలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టింది. అబ్బాయి పోసింది అదేనట. నాకిచ్చినది పోయిన నెల మా దగ్గరే అదనంగా అడిగి తీసుకెళ్లిన సీసా. ఇంటి దగ్గర తనది పట్టి, చల్లారకుండా చీరకుచ్చిళ్లలో దోపుకుని వచ్చి, నడవాలో మార్చేసింది. కొడుకు సంగతి బయటపడ్డప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. దవాఖానలో రాసిచ్చిన మాత్ర వేసుకుంటేనే కన్ను మూతపడుతోంది.

"డాక్టరిచ్చిన దవా గూడ గిండ్ల ఒస్తదని నాకేమెరుక?"

రెండో సీసాకు కొత్త పట్టీలు తీశాను. మూడింటి మీదా కిందిగీత వచ్చింది. ఒక్కటీ మసకగా లేదు. మంచిగా ఉందని చెప్పాను.

అబ్బాయి పట్టీల వైపు చూడనే లేదు. "నువ్వు గూడ నమ్మలేదా అమ్మా?" అన్నాడు.

క్షమించమని అబ్బాయిని అడగడానికి నాకు నోరు రాలేదు. రిపోర్టు రాసి చేతికిచ్చాను. ఆ సిగ్గు ఇప్పటికీ నాతోనే ఉంది.

తర్వాతి నెల ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఆమె లోపలికి వస్తూనే చేతిసంచి నా బల్ల మీద పెట్టి, "గిది నీ తానే ఉండనీ బిడ్డా," అని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దూరంగా కూర్చుంది. అబ్బాయి బాత్రూముకు వెళ్లి, సీసాతో తిరిగొచ్చాడు. దాన్ని నాకివ్వలేదు. సంచి తీసుకెళ్లి తల్లి భుజానికి తగిలించాడు. సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే ఇయ్యి అమ్మా," అన్నాడు.