లేతగా పడిన రెండో గీత

ఆ మధ్యాహ్నం నా భార్య సుబ్బలక్ష్మి విగ్రహానికి పాలిష్ పెడుతూ ఉన్నట్టుండి గుడ్డ కింద పెట్టేసింది. దవడ లాగుతోందని, ఒళ్లంతా చెమట పడుతోందని చెప్పింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కడం మా పని. మర్నాడు పొద్దున్నే అమ్మవారి విగ్రహం అప్పజెప్పాలి. గ్యాస్ అయ్యుంటుందిలే అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నొప్పి తగ్గకపోతే దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరు బయటికి వెళ్లారు. నర్సు ఈసీజీ తీసి పెద్ద తేడా లేదంది. ల్యాబ్ అమ్మాయి ఆమె రక్తంతో, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ కార్డు టెస్టు చేసింది. పావుగంటకు కార్డు మీద ఒక ఎర్రగీత ముదురుగా, దాని పక్కన ఇంకొకటి కనిపించీ కనిపించనట్టు పడ్డాయి.

"సారు వచ్చేదాకా ఉండన్నా. రెండో గీత పడిండాది" అంది.

మేం రాయి మీద ముందు ఎర్రకావితో లేతగా గీసుకుంటాం. కొలత కుదిరాక ముదురుగా దిద్దుతాం. ఉలి పెట్టేది ముదురు గీత మీదే. లేతవన్నీ తడిగుడ్డతో తుడిచేస్తాం.

"ముప్పై ఏండ్లుగా గీతలు చూస్తాండా పాపా. ఇది గీత కాదు" అని చెప్పి ఆమెను ఇంటికి తెచ్చేశాను. పైగా మళ్లీ పాలిష్ దగ్గరే కూర్చోబెట్టాను.

తెల్లారి ఆమె వాకిట్లో పడిపోయింది. నంద్యాల ఆసుపత్రిలో చూసి, హార్ట్ అటాక్ నిన్ననే మొదలైందన్నారు. ఇంతసేపు ఎందుకు ఆగారని డాక్టరు అడిగారు.

"ఆడ ఏమీ లేదన్నారు సార్" అన్నాను.

స్ట్రెచర్ మీదున్న ఆమె నా వైపు చూసి తల తిప్పుకుంది. డాక్టరు ఆ ల్యాబ్‌ను తిట్టారు. నేను తలూపాను.

యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. ఎకోలో గుండె పంపింగ్ తగ్గిందని తేలింది. పది రోజులకే ఆయాసంతో మళ్లీ అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఆమె దగ్గే ప్రతిసారీ నా అబద్ధం గుర్తొచ్చేది.

మూడో చెకప్‌లో ఇక ఆగలేక, ఆమె ముందే డాక్టరుకు నిజం చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కార్డు గీతలోని ఎరుపు కంటికి కనిపించని బంగారు నలుసులదని, వాటిని నానో పార్టికల్స్ అంటారని చెప్పారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ వాటిని గీత దగ్గర పట్టి ఆపుతుందట.

"ఆ టెస్టులో లేత గీత అయినా గీతే" అన్నారు.

బయటికొచ్చాక సుబ్బలక్ష్మి మెల్లగా అంది: "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాంటి. ఆ ల్యాబ్ పాపకు గూడా చెప్పు, పో."

ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను. ఆ అమ్మాయి "అక్కకు ఎట్లుండాదన్నా?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు సుబ్బలక్ష్మి ఉప్పు తగ్గించి తింటోంది, నాలుగడుగులకోసారి ఆగి నడుస్తోంది. పాలిష్ నేనే పెట్టుకుంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. కార్డు మీద గీతను మీ కంటితో తేల్చుకోకండి. డాక్టరు వచ్చేదాకా ఉండమంటే ఉండండి. నేను ఆ క్లినిక్ బెంచీ మీద ఇంకో గంట కూర్చుని ఉంటే సరిపోయేది.