రేపల్లె బండిలో వరసలు

మా కోర్సు పేరు నెట్‌వర్క్ సైన్స్. బీటెక్కే గానీ లెక్కలు, కంప్యూటర్లు, సమాజశాస్త్రం అన్నీ కలిపి చెబుతారు. ఎవరు ఎవరితో, ఏది దేనితో ముడిపడి ఉందో చూడడమే చదువు. రేపల్లెలో ఈ మాట ఎవరికి చెప్పినా "అంటే సెల్‌టవర్లు ఎక్కుతావా?" అనేవాళ్ళు. ఒళ్ళు మండేది నాకు. రైసుమిల్లులో గుమస్తా అయిన మా నాన్నకైతే ఆ పేరు వింటేనే గుబులు. మొదటి ఏడాది ప్రాజెక్టు సరిగ్గా రాకపోతే మామూలు కంప్యూటర్ బ్రాంచికి మార్పిస్తానని తేల్చి చెప్పేశాడు. నాకేమో ఆ చదువంటే ప్రాణం.

ప్రాజెక్టుకి నేను రోజూ ఎక్కే బండినే ఎంచుకున్నాను. రేపల్లె నుంచి తెనాలి, అక్కడ బండి మారి బాపట్లలో కాలేజీకి. తెనాలి దాకా మా పెట్టెలో ఎవరికి ఎవరు తెలుసో గీతలు గీసి చూపాలి. "ఈవిడ మీకేమవుతారండి?" అని అందరినీ అడిగాను. వదినన్నారు, పిన్నన్నారు, బాబాయన్నారు. చెప్పింది చెప్పినట్టు బంధువులంటూ బొమ్మలో ఎక్కించేశాను.

క్లాసులో తెర మీద ఆ బొమ్మ చూసి సమాజశాస్త్రం మేడం పకపకా నవ్వారు.

"ఏంటమ్మా, బండెడు జనం ఒకే ఇంటివాళ్ళా? పెళ్ళికెళ్తున్నారా?"

మావైపు కొత్త మనిషి కనబడితే ముందు వరస కలిపేస్తాం. పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని, నాకే తట్టలేదు! సిగ్గుతో చచ్చిపోయాను. ప్రశ్న మార్చి మళ్ళీ చేసుకురమ్మన్నారు మేడం.

తెనాలిలో బట్టలు కుట్టే ఒకావిడ రోజూ నాకు సీటు ఆపుతుంది. అత్తా అని పిలుస్తాను. మర్నాడు "మనం నిజంగా చుట్టాలం కాదు కదత్తా?" అనేశాను. ఆవిడకి కోపమొచ్చింది.

"ఓసి నీ దుంపతెగ! నువ్వు రానిరోజు పెట్టెంతా అడిగేది నేను కాదటే?"

దొరికింది ప్రశ్న. మీరు రాకపోతే ఎవరు అడుగుతారు? దాంతో బొమ్మంతా మళ్ళీ గీశాను. చాలా గీతలు రాలిపోయాయి గానీ, మిగిలినవి గట్టివి.

నాన్న మాత్రం క్లాసులో మేడం నవ్వారని నేను చెప్పిన సంగతే పట్టుకున్నాడు. నాకు జ్వరమొచ్చి ఒకరోజు ఇంట్లో ఉండిపోయిన మర్నాడు, "పద, మీ మేడంతో మాట్లాడి బ్రాంచి మార్పిద్దాం" అని నాతో బయల్దేరాడు. దారంతా నాకు ఏడుపే.

పెట్టె ఎక్కామో లేదో అత్త "నిన్నేమైపోయావే?" అంది. పూలమ్మే పిన్ని అదే అడిగింది. కిటికీ దగ్గర బ్యాంకు బాబాయి పేపరు దించి "ఒంట్లో బాలేదామ్మా?" అన్నాడు. నాన్న ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కొత్త బొమ్మ చూపించి, నేనడిగిన ప్రశ్న చెప్పాను.

తెనాలి ప్లాట్‌ఫాం మీద బాపట్ల బండి కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"నేను మిల్లుకి వెళ్ళకపోతే ఎవరడుగుతారే?"

"నేనడుగుతాను నాన్నా" అన్నాను.

"నువ్వు మిల్లులో లేవుగా" అని నవ్వాడు.

బాపట్లలో దిగాక మేడం గది దాకా రాలేదు. "వెళ్ళి చదువుకో" అని, తిరుగు బండికి టికెట్టు తీసుకోవడానికి వెళ్ళిపోయాడు.