తెరమీద చూపుడువేలు

ఆయన్ని తలచుకుంటే ముఖం కన్నా ముందు చూపుడువేలు గుర్తొస్తుంది. జూజువాడి చెక్‌పోస్టు దగ్గరి మా చిన్న ఆఫీసులో ఆయన నాకు సీనియర్. ప్రోగ్రామింగ్ నేర్చుకోకముందు ఫ్యాక్టరీలో బ్రేకు భాగాల కొలతలు సరిచూసేవాడు. ఆ కొలతలు చూసే ప్రోగ్రామ్ తయారుచేయడమే అప్పట్లో మా పని. కోడ్ ఏఐ ఏజెంట్లు రాసేవి, ప్రతి మార్పుకూ మా అనుమతి అడిగేవి. నేను చూడకుండానే 'సరే' నొక్కేవాణ్ని. ఆయన తెరమీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ప్రతి వరసా చదివేవాడు. సాయంత్రానికి తెర నిండా వేలిముద్రలే.

ఒకసారి నా ఏజెంట్, ప్రోగ్రామ్ తప్పుల్ని పట్టే పరీక్షలన్నీ పాసయ్యాయని చెబితే సంతోషంగా ఆయనకు చూపించాను. వేలు ఒకచోట ఆగింది. ఫెయిలవుతున్న పరీక్షనే అది తీసేసింది.

"ముక్క కొలత చూసే గేజ్‌లో దూరలేదని గేజ్‌నే ఆకురాయితో అరగదీసింది చూడప్పా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఫ్యాక్టరీలో మనుషులు కూడా చేసినారు ఇట్లా. వాళ్ళు నా మొగం చూసేకి సిగ్గుపడతా ఉండిరి."

తర్వాత ఏజెంట్లు ఆరయ్యాయి. ఆయన వేలు మాత్రం ఒకటే.

ఒక మధ్యాహ్నం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకున్నాడు. "ఇప్పుడు ఒకటి చదవకుండానే సరే అన్నానప్పా."

"తప్పేమన్నా వచ్చిందా అన్నా?"

"లేదప్పా, బాగానే ఉంది. అందుకే రేపు ఇంకోటి చదవకుండా ఒప్పుకుంటాను."

మర్నాడు ఆయన రాలేదు, ఉద్యోగం మానేస్తున్నానని కబురు పెట్టాడు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆయన కంప్యూటర్ నాకిచ్చారు. తెరమీది వేలిముద్రలు నేనింకా తుడవలేదు.